వస్త్ర మృదుత్వం – సహజ మార్గాలు

కూడు, గుడ్డ, గూడు మానవుని కనీసావసరాలు. వీటిలో గుడ్డకు శుభ్రత ఎంత ముఖ్యమో మృదుత్వమూ అంత ముఖ్యం. పసిబిడ్డ పొత్తిగుడ్డ మొదలు వృద్ధుల పడక దుప్పటి వరకు, ఒంటికి తగిలే ప్రతి వస్త్రమూ మెత్తగా ఉండాలని అందరూ కోరుకుంటారు. ఈ కోరికను ఆసరాగా చేసుకొని పరిమళభరితమైన రసాయన ద్రవాలెన్నో విపణిలోకి వచ్చాయి. అవి లేనిదే బట్ట మెత్తబడదా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందుగా బట్ట ఎందుకు బిరుసెక్కుతుందో తెలుసుకోవాలి.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని మూలపేట సముద్రతీర గ్రామం. 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరగడంతో దాని పేరు రాష్ట్రమంతటా వినిపించింది. సమీపంలోని నౌపడ ఉప్పుమళ్లకు ప్రసిద్ధి. ఇటువంటి తీరప్రాంతాలలో ఉప్పదనం గల నీటితో బట్టలుతికితే సబ్బు నురుగు రాదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టెగా మారుతాయి. ఆ తెట్టె నూలుపోగుల నడుమ చేరి బట్టను గరుకుగా చేస్తుంది. మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని, ఆరిన బట్టను సైతం చెమ్మగిలజేస్తుంది. కనుక దోషం బట్టది కాదు. నీటిది, అందులో మిగిలిపోయిన సబ్బుది.

రసాయన ద్రవాలు ఈ మూలకారణాన్ని తొలగించవు. అవి పోగుపై కొవ్వు వంటి పలుచని పొరను పరచి నునుపు కలిగిస్తాయి. ఆ పొర వల్ల తువాలు నీటిని పీల్చే గుణం తగ్గుతుంది. కొన్ని రకాల బట్టలు త్వరగా నిప్పంటుకొనే ప్రమాదమూ ఉంది. వాటిలోని కృత్రిమ పరిమళాలు కొందరి చర్మానికి సరిపడవు. తొలితరం ద్రవ్యాలు ప్రకృతిలో త్వరగా విచ్ఛిన్నం కావడం లేదని గుర్తించి, 1990 దశకంలో ఐరోపాలోని ఉత్పత్తిదారులు వాటికి బదులుగా సులభంగా విచ్ఛిన్నమయ్యే రకాలను ప్రవేశపెట్టారు.

మన పూర్వులకు కుంకుడుకాయ ఉండేది. సంస్కృతంలో దీనికి ‘ఫేనిలం’ అని పేరు. ఫేనమంటే నురుగు. ఈ కాయ తొక్కలోని సపోనిన్ అనే పదార్థమే ఆ నురుగుకు కారణం. కుంకుడు రసంలో సబ్బులోని క్షారగుణం ఉండదు. అందుకే పట్టు, ఉన్ని వంటి సున్నితమైన వస్త్రాలకు అది మిక్కిలి అనుకూలం. పది పన్నెండు కాయలను కొట్టి, గింజలు తీసి, రాత్రంతా నీటిలో నానబెట్టాలి. ఉదయం బాగా పిసికి, ఆ రసాన్ని వడగట్టి వాడుకోవాలి.

సబ్బుతో ఉతికిన నూలు బట్టలకు మరొక ఉపాయం ఉంది. చివరిసారి జాడించే బకెట్ నీటిలో అర కప్పు తెల్లని వెనిగర్ కలపాలి. అది బట్టలో మిగిలిన క్షారాన్ని విరిచి, లవణాల పేరుకుదనాన్ని కొంతవరకు కరిగిస్తుంది. ఆరిన పిదప వాసన మిగలదు. అయితే వెనిగర్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో ఎన్నడూ కలపరాదు. అలా కలిపితే ప్రాణాపాయకరమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఏ ద్రవ్యమూ అక్కరలేని ఉపాయం బట్టను బాగా దులపడం. నూలుపోగుల మధ్య మిగిలిపోయే అత్యల్పమైన నీరే వాటిని ఒకదానితో ఒకటి బంధించి బిరుసుదనం కలిగిస్తుందని 2020లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం, కావో సంస్థ పరిశోధకులు వివరించారు. ఆరవేసే ముందూ, ఆరిన తరువాతా బట్టను గట్టిగా దులిపే మన ఇళ్లలోని అలవాటు ఆ బంధాలను సడలించి బట్టను మెత్తబరుస్తుంది.

మెత్తదనమే సర్వదా గుణమని భావించరాదు. ఇదే జిల్లాలోని పొందూరు ఖద్దరుకు వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరిచి సన్నని నూలు వడుకుతారు. అంతటి సున్నితమైన వస్త్రానికి సైతం పలుచని గంజి పెట్టి, నిలకడ కలిగించి ధరించడం మనవారి అభిరుచి. బట్ట స్వభావాన్నీ, అవసరాన్నీ బట్టి మార్గం ఎన్నుకోవడమే వివేకం.

సహజమైనదంతా నిరపాయకరమనుకోవడమూ పొరపాటే. కుంకుడు రసం కంట పడితే మంట పుట్టిస్తుంది. సపోనిన్ చేపలకు విషం. కనుక ఆ నీటిని చెరువులలో, కాలువలలో పారబోయరాదు.

నీటి విలువ ఉద్దానం ప్రజలకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? అక్కడ దీర్ఘకాలంగా ప్రబలిన మూత్రపిండాల వ్యాధికి చికిత్స, పరిశోధనల కోసం 2023 డిసెంబరు 14న పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ వ్యాధికి బట్టల రసాయనాలే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. అటువంటి నిందను నిరాధారంగా మోపడం శాస్త్రీయ దృష్టి కాదు. అయినా, మనం జాడించి పారబోసిన నీరు మన నేలలోనికే ఇంకుతుంది. అవసరం లేని రసాయనాన్ని ఆ నీటిలో కలపకపోవడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. మెత్తని బట్ట కోసం మంచినీటిని వెలగా చెల్లించడం తగదని విద్యార్థులు గ్రహించాలి.