ఊరి చెట్టునీడ – ఊరివారి ఆరోగ్యము

చేపపిల్లకు ఈత నేర్పవలెనా యన్న సామెత కలదు. పల్లెవాసులకు ఆరుబయటి గాలిని గూర్చి, చెట్టునీడను గూర్చి చెప్పబూనుటయు అట్టిదేయని కొందఱికి తోచవచ్చును. కాని నేటి గ్రామజీవనమును పరికించినచో ఈ ప్రసంగము అనవసరము కాదని తెలియగలదు. బిందె పట్టుకొని చెఱువుకు నడచు పనిని కుళాయి తప్పించినది. నాగలికి బదులు ట్రాక్టరు, కాలినడకకు బదులు మోటారు సైకిలు వచ్చినవి. ఇవి మేళ్లే. అయితే సాయంకాలము ఆడుకొనవలసిన బాలుడు సెల్‌ఫోను ముందు కూర్చున్నాడు. రచ్చబండ చెంతకు రావలసిన వృద్ధుడు టెలివిజను గదికి పరిమితుడైనాడు. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో దేశమంతట జరిగి, 2023లో వెలువడిన సర్వే ప్రకారము గ్రామములలోని వయోజనులలో 8.9 శాతము మందికి మధుమేహము కలదు. పట్టణపు జబ్బని మనము తలచినది మన పొలిమేర దాటి వచ్చినది.

పొలములో దినమంతయు శ్రమించువారికి వేరుగా ఆరుబయలు ఎందుకని అడుగవచ్చును. వారికి కావలసినది ఎండ కాదు, నీడ. శ్రమ కాదు, విశ్రాంతి. బీడీలు చుట్టు స్త్రీలు, కుట్టుపనివారు, దుకాణదారులు, బడిపిల్లలు, ఇల్లు కదలని వృద్ధులు – వీరికి కావలసినది కదలిక, వెలుతురు, నలుగురితో మాట. చెట్లుగల బహిరంగ స్థలము ఈ ఉభయులకును ఉపకరించును.

దీనివలన కలుగు మేళ్లలో మొదటిది వ్యాయామము. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. బాట, నీడ ఉన్నచో ఖర్చులేని వ్యాయామము నడకయే.

రెండవది కన్నుల రక్షణ. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 12 పాఠశాలల ఒకటవ తరగతి పిల్లలను పరిశీలించిరి. సగము బడులలో దినమునకు 40 నిమిషముల ఆరుబయటి తరగతిని అదనముగా పెట్టిరి. మూడేండ్ల పిమ్మట, అట్టి తరగతి లేని బడులలో 39.5 శాతము పిల్లలకు హ్రస్వదృష్టి రాగా, ఉన్న బడులలో 30.4 శాతమునకే వచ్చినదని 2015లో ప్రకటించిరి. చెట్టునీడలోని పగటి వెలుతురు సయితము గదిలోని దీపపు వెలుతురుకంటె అనేక రెట్లు అధికము.

మూడవది మనస్సునకు ఊరట. ఇంగ్లండులో సుమారు 20,000 మందిని విచారించి 2019లో ప్రకటించిన అధ్యయనమున, వారమునకు 120 నిమిషములైనను ప్రకృతి నడుమ గడపినవారిలో తమ ఆరోగ్యము, మనఃస్థితి బాగున్నవని చెప్పినవారు ఎక్కువగా కనబడిరి. ఆరోగ్యవంతులే ఎక్కువగా బయటకు పోవుటయు దీనికి కొంత కారణమై యుండవచ్చును. అయినను ఖర్చులేని మంచి అలవాటును వదలుకొనవలసిన పని లేదు.

అయితే ఇది మందులకు బదులు కాదు. మధుమేహము, రక్తపుపోటు గలవారు వైద్యుడిచ్చిన మందులను మానరాదు. వేసవిలో మిట్టమధ్యాహ్నపు ఎండ మేలు చేయకపోగా ప్రాణముమీదికి తెచ్చును. ఆ కాలమున ఉదయ సాయంకాలములే అనువైన వేళలు.

ఇక పంచాయతీల కర్తవ్యము. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 11వ షెడ్యూలును చేర్చినది. అందలి 29 అంశములలో సామాజిక వనముల పెంపకము, ఆరోగ్యము – పారిశుద్ధ్యము, సామూహిక ఆస్తుల నిర్వహణ కలవు. గ్రామపు ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగించి, వాటిని తిరిగి గ్రామసభకో పంచాయతీకో అప్పగించుటకు పథకములు సిద్ధపఱుపవలెనని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములను ఆదేశించినది. కావున చెఱువుకట్ట, తోపు, బడి ఆటస్థలము కాపాడుట సభ్యుల దయాదాక్షిణ్యములకు సంబంధించిన విషయము కాదు. అది వారి బాధ్యత.

వేపమొక్క నాటినది నీడ పఱచుటకు ఏండ్లు పట్టును. పెరిగిన చెట్టును నఱకుటకు ఒక పూట చాలును. రచ్చబండ చెట్టు తీసి షెడ్డు వేయుదమను ప్రతిపాదన వచ్చినపుడు, ఆ షెడ్డుకు వేఱొక చోటు కలదా యని ముందుగా విచారింపవలెను. క్రొత్తగా నాటునపుడు వేప, కానుగ, నేరేడు అనుకూలములు. మఱ్ఱి, రావి వేళ్లు గోడలను చీల్చును గాన, వాటిని ఇండ్లకు దూరముగ నాటవలెను. తడికె కట్టి, మొదటి రెండు వేసవులలో నీరు పోయించు బాధ్యతను ఫలానా వారిదని తీర్మానములో వ్రాయవలెను. అందఱి పని యన్నది ఎవరి పనియు కాకపోవును.

చెఱువుకట్టపై ముండ్లకంపను, పెంటకుప్పలను తొలగించి, రెండు దీపములు, నాలుగు అరుగులు అమర్చిన చాలును. స్త్రీలు నిర్భయముగ నడువగలిగి, ఏ వాడవారైనను సంకోచింపక కూర్చొనగలిగిననాడే ఆ స్థలము ఊరందఱిదగును.

రాబోవు గ్రామసభలో ఊరి ఉమ్మడి స్థలముల జాబితాను చదివించుడు. వాటిలో ఏది మిగిలియున్నదో, ఏది చేజారినదో ఊరివారే చెప్పుదురు. మిగిలినదానిని కాపాడు తీర్మానముతో పని ప్రారంభింపవచ్చును.