అనుముల కుండ

జహీరాబాదు ప్రాంతపు పెద్దలకు అనుము లనగా నేమో నేను చెప్పనక్కరలేదు. జొన్నచేలలో కందితోను ఇతర పప్పుధాన్యములతోను కలిపి, వానమీదనే పండించు గింజ యిది. కొన్ని యూళ్లలో అనపగింజలందురు. నేడు నేను చెప్పదలచినది సేద్యము సంగతి కాదు, పొయ్యిమీది సంగతి. “అనుములు ఒక పట్టున ఉడకవు, వృద్ధులకు నమలరావు” అను మాట పలు యిండ్లలో వినుచున్నాను. తినుట మానిన గింజను రైతు ఎన్నాళ్లు విత్తును? పస్తాపూరులో 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన సంఘముల స్త్రీలు పాత విత్తనములను బూడిదతోను వేపాకుతోను కలిపి బుట్టలలో కాపాడుచు వచ్చిరి. 2019లో వారికి ఈక్వేటర్ బహుమానము లభించినది. అయినను విత్తనము బుట్టలో నిలిచి, కూర కుండలో నిలువనిచో అది సగము రక్షణయే.

గింజ యేల ఉడకదు? దానిలోని కణములను పెక్టిను అను జిగురు పదార్థము పట్టియుంచును. మరుగు నీటిలో అది కరిగిననే గింజ మెత్తబడును. పులుపు దానిని కరుగనీయదు. సున్నపు అంశము హెచ్చుగా గల బోరునీరు దానిని మఱింత బిగించును. వేడికిని తేమకును తగులుచు చిరకాలము నిలువయున్న గింజ యెంత వండినను మొండికెత్తును. ఇక ఉప్పు. ముందు ఉప్పు వేసిన గింజ బిగియునని మనలో గట్టి నమ్మకము. నా యభిప్రాయమున ఇది ఉప్పుమీద పడిన అన్యాయపు నింద. నానబెట్టు నీటిలో కొంచెము ఉప్పు వేసినచో పొట్టు మెత్తబడును. దోషము చింతపండుది, రెంటిని ఒకేసారి వేయుటచే నింద దీనికిని అంటినది కాబోలు.

నలుగురికి పావుకిలో అనుములు చాలును. రాత్రి పుష్కలముగా నీరు పోసి, ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి నానబెట్టవలెను. ఉదయము ఆ నీటిని పారబోయవలెను. కడుపునకు సరిపడని అంశములు కొన్ని దానితో పోవును. కుండలో క్రొత్త నీరు పోసి, దొరకినచో వాననీరే పోసి, మొదటి పావుగంట మూత లేకుండ తెర్లనీయవలెను. ఈ పావుగంట విషయమున అలసత్వము తగదు: అనుములైనను, ఉత్తరదేశపు రాజ్మా యైనను, సగము ఉడికినవి కడుపునకు చేటు. పిమ్మట మంట తగ్గించి, మూతపెట్టి, గంట మొదలు గంటన్నర వఱకు ఉడికింపవలెను. నీరు ఇగిరిన వేడినీరే పోయవలెను. గింజను రెండు వ్రేళ్లతో నొక్కిన నడుమ పలుకు తగులరాదు. కుక్కరున్నవారు కుక్కరులోనే వండుకొనవచ్చును, కాని నానబెట్టుట మానరాదు. వంటసోడా వేసిన త్వరగా మెత్తబడుట నిజమే. బి1 విటమిను నశించును, రుచియు చెడును.

చిక్కదనమునకు పాలమీగడ యక్కరలేదు. ఉడికిన గింజలనుండి రెండు గరిటెలు తీసి పప్పుగుత్తితో మెదిపి మరల కుండలో వేసినచో, గింజలోని పిండియే రసమును మీగడవలె చేయును. రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి నూరి కలిపిన ఇంకను కమ్మగా నుండును. వేఱొక మూకుడులో నూనె కాచి జీలకఱ్ఱ, ఎండుమిరపకాయలు, చితుకగొట్టిన వెల్లుల్లి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు ఎఱ్ఱగా వేయించి, ధనియాలపొడియు పసుపును చల్లి కుండలో కలుపవలెను. ఉప్పు సరిచూచుకొని, అన్నిటికిని కడపట కొద్దిపాటి చింతపండు పులుసు పోసి పదినిమిషములు సన్నని మంటమీద ఉంచవలెను. వృద్ధులకు మిరప తగ్గించి వెల్లుల్లి హెచ్చించుట మేలని నా మతము.

జొన్నరొట్టెతో ఇది బాగుగా కుదురును. పండ్లు లేనివారికి రొట్టెను త్రుంచి గిన్నెలో వేసి, మీద వేడి కూర పోసి కొంతసేపు నాననిచ్చి పెట్టవలెను. మరునాటికి మిగిలినది ముద్దగా గట్టిపడును; కొంచెము వేడినీరు కలిపి సన్నని మంటమీద కాచిన మరల జారుగా నగును.