సోమవారం పొద్దున వచ్చే కడుపునొప్పి

చిన్నపిల్లల్లో ఒత్తిడి చాలాసార్లు ఒంటి బాధగానే బయటపడుతుంది. సోమవారం పొద్దున బడికి బయల్దేరే వేళకు కడుపునొప్పి వస్తుంది, ఆదివారం దాని జాడే ఉండదు. పెద్దవాళ్లు దీన్ని బడి ఎగ్గొట్టే వేషం కింద జమకడతారు గానీ నొప్పి నిజమైనదే. భయం కలగగానే మెదడు నుంచి అందే సంకేతాలతో మూత్రపిండాల మీదుండే ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్, కార్టిసాల్ విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరుగుదల మందగిస్తుంది. కుక్క తరిమితే పరిగెత్తడానికి ఈ ఏర్పాటు పనికొస్తుంది. లెక్కల క్లాసులో పరిగెత్తడానికి చోటేదీ?

నొప్పి మాటిమాటికీ వస్తుంటే ముందు పిల్లల డాక్టరుకు చూపించి, వేరే జబ్బు లేదని తేల్చుకోవాలి. ఆ తర్వాత చూడాల్సింది బడినీ, ఇంటినీ. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, అమ్మ కొంగు వదలకపోవడం కూడా ఆ వయసులో ఒత్తిడికి గుర్తులే. కొత్త బడి, ఏడిపించే తోటిపిల్లలు, ఇంట్లో రోజూ వినబడే కీచులాటలు, ఇలా కారణం ఏదైనా కావచ్చు. పరీక్ష ముందు ఒకటి రెండు రోజుల కంగారు చెరుపు చేయదు, చదివిస్తుంది కూడా. మధ్యలో తెరిపి లేకుండా నెలల తరబడి సాగే కంగారే నిద్రనూ, ఆకలినీ, జ్ఞాపకశక్తినీ దెబ్బతీస్తుంది.

టీనేజీకి వచ్చేసరికి గుర్తులు మారతాయి. తలుపు వేసుకుని కూర్చోవడం, ప్రతి మాటకూ విసుక్కోవడం, ఇష్టమైన క్రికెట్టు మానేయడం లాంటివి కనిపిస్తాయి. వీటన్నింటికీ ఇంట్లో పెట్టే పేరు ఒకటే, పొగరు. నిజానికి ఆ వయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది కాబట్టి పదింటికి పడుకోమన్నా నిద్ర పట్టదు. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదిగేసరికి పాతికేళ్లు వస్తాయి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్యుల సంఘం 2016లో చెప్పింది. తెల్లవారుజామున అయిదింటికి లేపి, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్ నడిపే హాస్టల్లో ఈ లెక్క ఎలా కూడినా కుదరదు.

ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగితే, 81 శాతం మంది తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలే కారణమన్నారు. తెలుగునాట ఈ బరువంతా ఇంటర్ రెండేళ్ల మీద పడుతుంది. వీకెండ్ టెస్టు, గోడమీద ర్యాంకుల పట్టిక, మార్కులను బట్టి మారే సెక్షన్, ఇదీ వారం తిరిగే తీరు. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేశారు. విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. అడ్మిషన్ రోజు ఏసీనా, నాన్ ఏసీనా అని అడిగే తల్లిదండ్రులు ఆ కౌన్సెలర్ ఎవరని అడగడం మాత్రం అరుదు.

ఇంటివాళ్ల చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. హాస్టల్ నుంచి వారానికోసారి వచ్చే ఫోన్లో మొదటి ప్రశ్న "ఈ వారం ఎన్నొచ్చాయిరా?" అయితే, కాల్ మిగతా సమయమంతా దానికి సంజాయిషీగానే గడుస్తుంది. "రాత్రి నిద్ర పడుతోందా నాన్నా? పక్క మంచం వాడితో మాటలున్నాయా?" అంటే ఇంకేదో బయటికొస్తుంది. "ఫిజిక్స్ అర్థం కావట్లేదమ్మా" అన్న పిల్లకు "నీకోసం ఎంత కడుతున్నామో తెలుసా" అన్న జవాబు వస్తే, ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. "ఎప్పట్నుంచి తల్లీ? ఏ చాప్టర్ దగ్గర ఆగిపోయావు?" అంటే ఆ కొండంత భయం ఒక చాప్టరంత అవుతుంది. టెన్షన్ పడకు అన్న సలహాతో ఏ టెన్షనూ తగ్గదు. పూర్తిగా వినడం, దిద్దడానికి తొందరపడకపోవడం పెద్దలకు అలవాటు లేని పని కాబట్టి మొదట్లో కష్టంగానే ఉంటుంది.

ఒంటికి తెరిపినిచ్చేవి పాతవే. ఊపిరి నెమ్మదిగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదిలితే గుండె వేగం తగ్గుతుంది. పరీక్ష హాల్లో కూర్చునీ చేయొచ్చు. అయిదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల ఆటపాటలు, వ్యాయామం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. టైంటేబుల్లో మొదట కోతపడేదీ అదే.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, తిండీ నిద్రా తప్పినా ఇంటి వైద్యంతో సరిపెట్టకూడదు. చచ్చిపోతే బాగుండు అన్న మాట కోపంలో వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు. అలాంటి ఆలోచన వస్తోందా అని సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. అలాంటి మాట వచ్చిన పూట పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లోని పురుగుమందులు, మాత్రలు తాళంలో పెట్టాలి. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలకోసం 1098 ఉంది. మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉండే ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అక్కడికెళ్తే మందులే రాస్తారన్న భయం అక్కర్లేదు. చాలామంది పిల్లలకు చికిత్స మాటలతోనే మొదలవుతుంది, అందులో తల్లిదండ్రులనూ కూర్చోబెడతారు.