రేకుకు బలం మడతలో ఉంది

సికిందరాబాదు రాంగోపాల్‌పేట ప్రాంతంలోని రాణీగంజ్ బజారు ఇనుపసామానుకూ యంత్రసామానుకూ పేరుపొందినది. చక్రాలమీద నడిచే చిన్న మరమనిషిని, అంటే రోబోను, చేయదలచిన పిల్లలకు చట్రానికి కావలసిన రేకు అక్కడ దొరుకుతుంది. కాని ఎంత మందం రేకు కొనాలి?

పలచని రేకు మోటార్ల బరువుకు వంగుతుంది. చట్రం వంగితే చక్రాలు ఓరగిలి, బండి తిన్నగా నడవదు. మందం రెట్టింపు చేస్తే రేకు బిగువు 8 రెట్లవుతుంది. కాని బరువూ రెట్టింపై, బాటరీ త్వరగా అయిపోతుంది.

ఇంతకంటె మంచి ఉపాయం ఉన్నది. ఒక పోస్టుకార్డును రెండు పుస్తకాల మధ్య వంతెనలాగా పెట్టి, నడుమ నాణేలు ఉంచండి. కార్డు కుంగిపోతుంది. ఇప్పుడు దాని పొడుగు అంచులు రెండూ వేలెడు వెడల్పున పైకి మడిచి చూడండి. అవే నాణేలను సునాయాసంగా మోస్తుంది! కార్డు బరువు పెరగలేదు. అంచులు నిలబడ్డాయి, అంతే. ఇంటికప్పుకు వేసే ముడతల రేకులోని రహస్యమూ ఇదే.

కనుక జానెడు బండికి 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు చాలు. నాలుగు అంచులూ మడవండి. మడతలు కలిసే మూలల్లో ముందుగా చిన్న రంధ్రం వేయండి. లేకపోతే అక్కడ రేకు చిరుగుతుంది. తరువాత మూలలను రివిట్లతో కలపండి. బాటరీని అడుగున అమర్చితే బండి బోర్లాపడదు.

రేకు అంచు కత్తిలాగా కోస్తుంది. పెద్దలు దగ్గర ఉన్నప్పుడే కత్తిరించి, ఆకురాయితో నునుపు చేయండి. అన్నిటికంటె ముందు చట్రాన్ని అట్టతో చేసి చూడండి. అట్ట పాడైతే ఇంట్లోనే మరొకటి దొరుకుతుంది. రేకు పాడైతే మళ్ళీ బజారుకు వెళ్ళాలి!