మాటలు ఆలస్యమైతే ఏడాది ఆగకండి... ముందు చెవి చూపించండి, ఇంటి భాష మానకండి

విజయవాడ వించిపేటలోనో, మచిలీపట్నంలోనో ఒక ఇల్లు ఊహించుకోండి. బాబుకి రెండేళ్ళు దాటి నాలుగు నెలలైంది. నానీ ఉర్దూలో పిలుస్తుంది. పక్కింటి ఆంటీ తెలుగులో పలకరిస్తుంది. అక్క స్కూలు నుంచి వచ్చి ఇంగ్లీషు రైమ్స్ చెబుతుంది. బాబు మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడడు. ఏదైనా కావాలంటే అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్తాడు.

ఇంట్లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో జవాబు ఉంటుంది. "వాళ్ళ అబ్బా కూడా నాలుగేళ్ళకే మాట్లాడాడు." "మగపిల్లలకి లేటవుతుందిలే." "వస నాకించారా?" "నాలుక కింద నరం కోయించండి." "మూడు భాషలతో తికమక పడుతున్నాడు, ఉర్దూ మానేయండి."

వీటిలో ఒక్కటి కూడా బిడ్డను పరీక్షించి చెప్పిన మాట కాదు. కానీ ఈ మాటలతోనే ఒక ఏడాది గడిచిపోతుంది. మెదడు భాషను అతి వేగంగా నేర్చుకునేది మొదటి మూడు నాలుగేళ్ళలోనే. అందుకే ఆ ఏడాది అంత విలువైంది.

ఏ వయసుకి ఏం రావాలి?

పిల్లలందరూ ఒకే రోజున మాట్లాడరు, నిజమే. అయినా కొన్ని గుర్తులు ఉన్నాయి. ఆరు నెలలకు శబ్దం వచ్చిన వైపు తల తిప్పాలి. తొమ్మిది నెలలకు 'బాబాబా', 'దాదాదా' అని ఊసులాడాలి. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే చూడాలి, టాటా చెప్పాలి, కావలసిన వస్తువును వేలితో చూపడం మొదలవ్వాలి. ఏడాదిన్నరకు కొన్ని విడి మాటలు రావాలి. రెండేళ్ళకు 'పాలు కావాలి', 'పానీ దో' లాంటి రెండు మాటల జోడింపు రావాలి.

వచ్చిన మాటలు పోయినా, చూసి నవ్వే బిడ్డ నవ్వడం మానేసినా, ఏ వయసులోనైనా సరే, వెంటనే డాక్టరుకు చూపించాలి. టీకాల కోసం ఇచ్చిన తల్లీబిడ్డల కార్డులో కూడా ఈ ఎదుగుదల గుర్తులు ఉంటాయి. ఒకసారి తీసి చదవండి.

మొదటి పరీక్ష చెవిది

మాట రాని ప్రతి బిడ్డకూ ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. "తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నాయి" అనుకుంటాం. అది చాలదు. పెద్ద చప్పుళ్ళు వినిపించి, మామూలు మాటలు సరిగ్గా వినిపించని పిల్లలు ఉంటారు. వంటగదిలో గిన్నె పడితే తిరిగి చూస్తారు, 'ఇలా రా' అంటే చూడరు.

చిన్న పిల్లలకు ఓఏఈ, బెరా అనే పరీక్షలు చేస్తారు. నొప్పి ఉండదు. బిడ్డ నిద్రపోతుండగానే చేయవచ్చు. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతా వైద్యులు పాటించే లెక్క. మనం ఆ లెక్క దాటిపోయినా పరీక్ష మానకూడదు.

పుట్టగానే ఐసీయూలో ఉన్న పిల్లలు, కామెర్లు బాగా ఎక్కువైనవాళ్ళు, మెదడువాపు జ్వరం వచ్చినవాళ్ళు, కుటుంబంలో చెవుడు ఉన్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. మేనరికాల్లో, చాచా, ఖాలా పిల్లల మధ్య పెళ్ళిళ్ళలో పుట్టుకతో వచ్చే చెవుడు కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. అలాంటి ఇంట్లో బిడ్డ పుడితే మొదటి నెలలోనే చెవి చూపించమని చెప్పడానికే.

వినికిడి లోపం తేలితే మిషన్లు ఉన్నాయి. అవి చాలకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది. లక్షల్లో ఖర్చయ్యే ఈ ఆపరేషన్‌కు ప్రభుత్వ పథకాల్లో సాయం దొరుకుతుంది. కేంద్రం వికలాంగుల పరికరాల పథకం, రాష్ట్ర ఎన్టీఆర్ వైద్య సేవ రెండిటి గురించీ అడగండి. వీటికి వయసు పరిమితి ఉంటుంది. ఆలస్యం చేస్తే ఇంప్లాంట్ వల్ల వచ్చే లాభం తగ్గుతుంది, పథకం కూడా చేజారుతుంది. ఆపరేషన్ తర్వాత ఏళ్ళ తరబడి మాటల శిక్షణ ఇప్పిస్తేనే ఫలితం వస్తుందని మరచిపోవద్దు.

చెవి బాగానే ఉంటే?

అప్పుడు పిల్లల డాక్టరు మిగతావి చూస్తారు. థైరాయిడ్ లోపం ఉందా, బుద్ధి ఎదుగుదల ఆలస్యమా, ఆటిజం ఉందా అని పరిశీలిస్తారు. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, వేలితో చూపించకపోవడం, కారు బొమ్మతో ఆడకుండా దాని చక్రాన్ని మాత్రమే తిప్పుతూ ఉండటం ఆటిజం అనుమానించాల్సిన గుర్తులు.

ఇలాంటివి అరుదు అనుకోవద్దు. హైదరాబాద్‌తో సహా దేశంలో ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల మీద చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. వినికిడి లోపం, మూర్ఛ, ఆటిజం, బుద్ధి మాంద్యం లాంటి నాడీ ఎదుగుదల సమస్యల్లో కనీసం ఒకటి దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఉందని తేలింది.

ఆటిజం జ్వరం లాంటిది కాదు, పది రోజుల్లో తగ్గదు. మందుతో మాయం కాదు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఇంట్లో రోజూ సాధన, వీటితో బిడ్డ ముందుకు వెళ్తాడు. రోగం పేరు ఖాయమయ్యే దాకా థెరపీ ఆపనక్కర్లేదు. స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తామని లక్షలు అడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. ఆటిజానికి ఆ చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లోనే సిఫారసు చేయలేమని చెప్పింది.

ఉర్దూ మానేయాలా?

అక్కర్లేదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. కాకపోతే లెక్క సరిగ్గా వేయాలి. బిడ్డకు ఉర్దూలో 20 మాటలు, తెలుగులో 15 మాటలు వస్తే, రెండూ కలిపి చూడాలి. 'పానీ' అన్నా మాటే, 'నీళ్ళు' అన్నా మాటే. 'అమ్మీ పాలు దో' అని కలిపి మాట్లాడినా తికమక కాదు, రెండు భాషల పిల్లలు అలాగే నేర్చుకుంటారు. నిజంగా సమస్య ఉన్న బిడ్డకు అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది.

ఉర్దూ మానేయమంటే అసలు నష్టం వేరే చోట జరుగుతుంది. తల్లికి ధారాళంగా వచ్చేది ఉర్దూ. రాని ఇంగ్లీషులో 'కమ్, సిట్, ఈట్' అని మూడు ముక్కలు చెప్పి ఆగిపోతుంది. లాలిపాట పోతుంది, నానీ కథ పోతుంది. అసలే మాటలు తక్కువైన బిడ్డకు వినే మాటలు కూడా తగ్గిపోతాయి. ఆటిజం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరు.

వస, నరం, ఫోన్, టీకా

వస నాకిస్తే మాటలొస్తాయనడానికి రుజువు లేదు, పసిబిడ్డకు ఎక్కువైతే వాంతులు పట్టుకుంటాయి. నాలుక కింద నరం బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాలు సరిగ్గా పలకకపోవచ్చు గానీ, అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. ఫోన్ వల్ల ఆటిజం రాదు, కానీ ఫోన్ చూస్తున్నంతసేపూ బిడ్డతో ఎవరూ మాట్లాడరు. రెండేళ్ళలోపు స్క్రీన్ వద్దని, ఆ తర్వాత నాలుగేళ్ళ దాకా రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న 1998 నాటి వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. టీకాలు మానకండి.

ఎక్కడికి వెళ్ళాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలకు ఉచితంగా స్క్రీనింగ్ ఉంది. అంగన్‌వాడీలో, ప్రభుత్వ బడిలో పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీ) పంపుతారు. ఎన్టీఆర్ జిల్లా అయినా, కృష్ణా జిల్లా అయినా మీ ఆశా కార్యకర్తను గానీ ఏఎన్‌ఎంను గానీ అడగండి. "మా బిడ్డకి మాటలు రాలేదు, డీఈఐసీకి రాయండి" అని ఈ మాటల్లోనే చెప్పండి.

విజయవాడ నుంచి రైలెక్కితే సికింద్రాబాద్‌లో రెండు జాతీయ సంస్థలు ఉన్నాయి. వినికిడి, మాటల సమస్యలకు అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, బుద్ధి ఎదుగుదల సమస్యలకు ఎన్‌ఐఈపీఐడీ.

లోపం శాశ్వతమని తేలితే సదరం సర్టిఫికెట్‌కు సచివాలయంలో అడగండి. "బిడ్డకి ముద్ర పడుతుంది" అని చాలామంది వెనకాడతారు. కానీ పింఛను మొదలుకొని చాలా సౌకర్యాలకు అదే ఆధారం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధి మాంద్యం ఉన్నవారికి నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కు. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, బడిలో అడగండి.

ఇంట్లో రోజూ చేయగలిగింది

థెరపీ వారానికి రెండు మూడు గంటలే. మిగతా సమయమంతా బిడ్డ ఇంట్లోనే ఉంటాడు. స్నానం చేయిస్తూ చెయ్యి, కాలు, నీళ్ళు అని చెప్పండి. అడగకముందే అన్నీ ఇవ్వకండి. అరటిపండు, బిస్కెట్ రెండూ చూపించి 'ఏది కావాలి?' అని అడిగి పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి. బిడ్డ చూపు తిప్పినా, వేలు చూపినా అది జవాబే. వెంటనే ఇచ్చి దాని పేరు చెప్పండి. అతను చూస్తున్న దాని గురించే మాట్లాడండి. ఏ భాషలో? మీకు బాగా వచ్చిన భాషలో.

దువా చేయండి, దవా కూడా చేయించండి అని మన పెద్దలు అంటారు. తల్లికి అనుమానం వచ్చిందంటే "చూద్దాంలే" అని కొట్టిపారేయకండి. ఆమెతో పాటు ఆసుపత్రికి వెళ్ళండి. పరీక్షలో ఏమీ లేదని తేలితే సంతోషం, ఒక రోజు పోతుంది, అంతే. ఏదైనా ఉందని తేలితే బిడ్డకు ఒక ఏడాది మిగిలినట్టే.