మూడు రోజులు దాటిన జ్వరం



ఉడుపుల కాలంలో ఒక సాయంత్రం ఎచ్చెర్ల దగ్గర ఒక ఇంటికి ప్రార్థనకు పిలిచారు. ముప్పై ఏళ్ల రైతు మంచం మీద ఉన్నాడు. "ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగాను. "తొమ్మిది రోజులండి అయ్యగారూ. గట్టి మనిషి కదా, అదే తగ్గుతుందనుకున్నాం" అన్నది భార్య. ప్రార్థన చేసి, వెంటనే ఆటో పిలిపించాను. అది టైఫాయిడ్. సకాలంలో చికిత్స అంది అతడు కోలుకున్నాడు.

టైఫాయిడుకు కారణం సాల్మొనెల్లా టైఫీ అనే క్రిమి. ఆ జాతిలోని ఇతర క్రిములు ఆరోగ్యవంతులకు విరేచనాలు కలిగించి, సాధారణంగా పేగులలోనే ఆగిపోతాయి. ఇది మాత్రం ఎంత బలమైనవారికైనా పేగు గోడ దాటి రక్తంలో కలుస్తుంది. మలముతో కలుషితమైన నీరు, ఆహారం దీనికి దారి. క్రిమి లోపలికి పోయిన ఒకటి రెండు వారాలకు జ్వరం మొదలై రోజురోజుకూ హెచ్చుతుంది. చికిత్స లేకపోతే మూడవ వారంలో పేగుకు రంధ్రం పడి ప్రాణం మీదికి రావచ్చును.

కాబట్టి జ్వరం మూడు రోజులు దాటితే డాక్టరుకు చూపించండి. పల్లెల్లో ఎక్కువగా చేసే వైడాల్ పరీక్ష 1896 నాటిది. అది లేని జబ్బును ఉన్నట్లు కూడా చూపవచ్చును. యాంటీబయాటిక్ వేసుకొనక ముందే రక్తం కల్చర్ పరీక్ష చేయిస్తే, క్రిమి దొరికినప్పుడు దానికి ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది.

జ్వరం తగ్గిందని మందు మధ్యలో మానవద్దు. 1948లో క్లోరాంఫెనికాల్ ఈ జబ్బును నయం చేస్తుందని తేలినప్పుడు లోకమంతా సంతోషించింది. 1972లో కేరళలోని కోజికోడులో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. మందులను ఇష్టం వచ్చినట్లు వాడితే క్రిములు మొండికెత్తుతాయి.

జబ్బు తగ్గినా కొందరి పిత్తాశయంలో క్రిమి నిలిచిపోతుంది. న్యూయార్కులో వంటపని చేసిన మేరీ మలన్ పైకి ఆరోగ్యంగానే కనిపించేది. ఆమె చేతి వంట వలన అనేకులకు టైఫాయిడ్ సోకిందని 1907లో బయటపడింది. వంటకు ముందు, మరుగుదొడ్డికి వెళ్లివచ్చిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. నీరు మరిగించి త్రాగండి.

హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఆమోదించింది. ఆరు నెలలు నిండిన బిడ్డ మొదలుకొని వేయించవచ్చును. డాక్టరును అడగండి.

మీ ఇంటిలో ఎవరైనా నాలుగు రోజులుగా జ్వరంతో ఉంటే, ఈ పత్రిక ప్రక్కన పెట్టి, ముందు వారిని ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి.