మీకు తెలుసా? ముందు చారు, తర్వాతే అన్నం

పోయిన వేసవిలో మా వంటింట్లోకి ఓ డిజిటల్ త్రాసు, నా ఫోన్‌లోకి ఓ క్యాలరీల యాప్ ఒకే వారంలో వచ్చాయి. పది రోజులు బాగానే తూచాను. పదకొండో రోజు గోంగూర పప్పు దగ్గర చిక్కొచ్చింది. యాప్‌లో గోంగూర పప్పులు ఐదున్నాయి, ఐదింటికీ ఐదు అంకెలు. మొదటిదానికీ చివరిదానికీ రెట్టింపు తేడా. మా గిన్నెలోది వీటిలో ఏదో తేలాలంటే పోపులో నూనె ఎంత పడిందో తెలియాలి. అత్తయ్యగారిని అడిగితే "నూనెకి కొలతేంటమ్మా, మూకుడు చూసి పోయడమే" అన్నారు. ఒక పెద్ద చెంచా నూనె అంటేనే దాదాపు 120 క్యాలరీలు. మూకుడు చూసి పోసే ఇంట్లో నా లెక్క ఏ మూలకి? ఇప్పుడా త్రాసు ఆవకాయలోకి కారం తూచడానికి పనికొస్తోంది. యాప్ తీసేశాక చదివి తెలుసుకున్నవీ, ఇంట్లో చేసి చూసినవీ ఇవిగో.

ఆ లెక్కకు నూరేళ్లు దాటాయి

పిండిపదార్థానికి గ్రాముకు 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 క్యాలరీలు. బిస్కెట్ ప్యాకెట్ వెనక కనిపించే అంకెకు ఇదే పునాది. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ ఆట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త 1890లలో మనుషుల్ని మూసిన గదిలో ఉంచి, వాళ్ల ఒంట్లోంచి వెలువడే వేడిని కొలిచాడు. ఆయన తేల్చిన సగటులే నేటికీ నడుస్తున్నాయి. వాటిని బరువు తగ్గే మంత్రంగా జనంలోకి తెచ్చింది లాస్ ఏంజెలెస్ డాక్టరమ్మ లులు హంట్ పీటర్స్. రొట్టెముక్కని రొట్టెముక్కలా చూడొద్దు, వంద క్యాలరీల్లా చూడండి అని 1918లో వచ్చిన పుస్తకంలో నేర్పిందామె. అప్పుడు పట్టుకున్న లెక్క ఇంకా వదల్లేదు.

ఇంతా చేసి, అమెరికాలో ప్యాకెట్ మీద అచ్చేసిన అంకె కంటే లోపల 20 శాతం దాకా ఎక్కువున్నా నిబంధనలు ఒప్పుకుంటాయి.

బాదం పప్పు అబద్ధం ఆడింది

గుప్పెడు బాదం, అంటే 28 గ్రాములు, పాత లెక్క ప్రకారం సుమారు 170 క్యాలరీలు. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషులకు తినిపించి, బయటికి వెళ్లినదాన్ని కూడా పరీక్షించి చూస్తే, ఒంటికి దక్కింది 129 మాత్రమే. ఎంత నమిలినా గింజలో కొన్ని కణాల గోడలు పగలవు, వాటిలోని కొవ్వు అలాగే దాటిపోతుంది. పల్లీలదీ అదే కథ: గింజగా తింటే ఎక్కువ కొవ్వు బయటికి పోతుంది, మెత్తటి ముద్దగా రుబ్బితే చాలావరకు ఒంటికే పడుతుంది.

609 మంది, ఏడాది పాటు, లెక్క లేకుండా

స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం చేసిన ఈ పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. సగం మందికి కొవ్వు తక్కువ తిండి, సగం మందికి పిండి తక్కువ తిండి. ఇన్ని క్యాలరీలే తినాలన్న హద్దు ఎవరికీ పెట్టలేదు. రెండు జట్లకూ చెప్పిన మాటలు ఒకటే: కూరగాయలు బాగా తినండి, చక్కెర, మైదా తగ్గించండి, వీలైనంత ఇంట్లో వండుకోండి. ఏడాది తర్వాత మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గాయి. ఆ తేడా పట్టించుకోదగ్గది కాదని పరిశోధకులే తేల్చారు. కొవ్వా, పిండా అని వాట్సాప్‌లో రోజూ జరిగే యుద్ధానికి ఇంతకంటే సమాధానం ఏం కావాలి? అయితే సగటు చాటున ఇంకో నిజముంది. ఒకే జట్టులో కొందరు పాతిక కిలోలు తగ్గితే, కొందరు పెరిగారు కూడా. పక్కింటావిడకి పనిచేసింది మనకి పనిచేయకపోతే మన తప్పని అనుకోనక్కర్లేదు.

ప్యాకెట్ తిండి పెడితే 500 ఎక్కువ

2019లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 20 మందిని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఆసుపత్రిలో నెల రోజులు ఉంచాడు. రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా మార్చిన తిండి, రెండు వారాలు మామూలు దినుసులతో వండిన తిండి. పళ్లెంలో పెట్టిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింట్లోనూ సమానం. తినగలిగినంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో ఒక్కొక్కరూ రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, అదీ గబగబా. 0.9 కిలో పెరిగారు. మామూలు తిండి తిన్న రెండు వారాల్లో అంతే తగ్గారు. వాళ్లను ఎవరూ లెక్కపెట్టుకోమనలేదు, తగ్గించమనలేదు.

గ్లాసులో నీళ్లు వేరు, గిన్నెలో నీళ్లు వేరు

నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పెన్సిల్వేనియాలో బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలు 1999లో 24 మంది ఆడవాళ్లకు భోజనానికి ముందు మూడు రోజులు మూడు రకాలుగా పెట్టింది. ఒకరోజు కోడిమాంసం, బియ్యం కలిపి వండిన వంటకం. ఇంకోరోజు అదే వంటకం, పక్కన గ్లాసెడు నీళ్లు. మరోరోజు ఆ నీళ్లని అందులోనే పోసి కాచిన సూపు. దినుసులు అవే, నీళ్లూ అన్నే. సూపు తాగిన రోజున మాత్రం తర్వాతి భోజనంలో వంద క్యాలరీల దాకా తక్కువ తిన్నారు. రాత్రి భోజనంలో ఆ లోటు పూడ్చుకోనూ లేదు. పక్కన పెట్టుకుని తాగిన నీళ్లు ఆకలిని ఏమీ చేయలేదు, తిండిలో కలిసిన నీళ్లు చేశాయి.

చదవగానే నాకు చారు గుర్తొచ్చింది. మన దగ్గర చారు వచ్చేసరికి ఏమవుతుంది? పప్పన్నం అయిపోయి ఉంటుంది, కూరన్నం అయిపోయి ఉంటుంది. అప్పుడు చారు కోసం మళ్లీ రెండు హస్తాల అన్నం. ఆకలి తగ్గించాల్సిన చారు కాస్తా అన్నం పెంచుతోందన్నమాట. అందుకే మా ఇంట్లో ఇప్పుడు కూర్చోగానే రెండు గుంటగరిటెల వేడి చారు, మిరియాలూ కొత్తిమీరా తేలుతూ, చిన్న స్టీలు గిన్నెలో పోసుకుని తాగుతాం. రోల్స్ వండింది మన చారు కాదు, ఒప్పుకుంటాను. కానీ నాలుగు హస్తాలు తినేదాన్ని రెండున్నరకి వచ్చాను, మధ్యాహ్నం నాలుగింటికి మిక్చర్ డబ్బా కోసం చెయ్యి చాపడం మానేశాను.

వరస మారిస్తే రక్తంలో చక్కెర మారుతుంది

2015లో న్యూయార్క్‌లో మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రోజులు రెండు వరసల్లో పెట్టారు: రొట్టె, నారింజ రసం, కోడిమాంసం, ఆకుకూరలు, బ్రకోలీ. ఒకరోజు రొట్టె, రసం ముందు. మరోరోజు కూరలు, మాంసం ముందు, పావుగంట ఆగి రొట్టె. కూరలు ముందు తిన్న రోజు గంట తర్వాత చూస్తే రక్తంలో చక్కెర 37 శాతం తక్కువ. పళ్లెంలో ఒక్క మెతుకు మారలేదు.

తెలుగు భోజనానికి దీన్ని అన్వయించడం తేలికేం కాదు. మన మాటల్లోనే ఉంది చిక్కు. కూరని, పచ్చడిని 'ఆదరువు' అంటాం, అంటే అన్నం లోపలికి పోవడానికి ఆసరా. 'నంజుకోవడం' కూడా అంతే, అసలు తినేది వేరే ఉందని అర్థం. మొదటిసారి నేను బీరకాయ కూర గిన్నెడు ఉత్తదే తింటుంటే అత్తయ్యగారు హస్తం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా? అన్నం లేకుండా కూర తింటున్నావు!" అన్నారు. ఉత్త కూర తినాలంటే ఉప్పూ కారం సగానికి తగ్గించాలని అప్పుడు తెలిసింది. అన్నంలోకని చేసిన కూర విడిగా తింటే నోరు మండిపోతుంది. ఇది ఏ డైట్ పుస్తకమూ చెప్పలేదు.

ఒక్క మాట. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు అన్నం బాగా తగ్గించే ముందు డాక్టరుకి చెప్పండి. మందు మోతాదు మార్చకపోతే షుగరు మరీ పడిపోవచ్చు.

అన్నం గురించి చెప్పేవాళ్లు తార్నాకలోనే ఉన్నారు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక గదిలో మొదలైంది. అప్పటి పేరు బెరిబెరి విచారణ విభాగం. పాలిష్ పట్టిన బియ్యమే ఆహారంగా బతికేవాళ్లకు వచ్చే జబ్బు బెరిబెరి. సంస్థ 1958లో హైదరాబాద్ చేరింది. నూరేళ్ల తర్వాత, 2024లో అదే సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు మళ్లీ బియ్యం దగ్గరికే వచ్చాయి: రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు, పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలి. మనవాళ్ల తిండిలో ధాన్యాల వాటా 50 నుంచి 70 శాతం. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న మహిళలు దేశం మొత్తం మీద 24 శాతమైతే, తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం.

బియ్యం మానేసి కొర్రలకు మారితే సరిపోతుందా అంటారేమో. కొర్రన్నం కూడా నాలుగు హస్తాలు తింటే నాలుగు హస్తాలే.

పాపం బంగాళాదుంప

1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో 38 రకాల తిండ్లను ఆకలి తీర్చే శక్తిని బట్టి పోల్చారు. తెల్ల బ్రెడ్‌కి 100 మార్కులు అనుకుంటే ఉడికించిన బంగాళాదుంపకి 323, అన్నిటికన్నా ఎక్కువ. వెన్న మడతల క్రోసాంకి 47, అన్నిటికన్నా తక్కువ. దుంపకి చెడ్డపేరు తెచ్చింది బాణలిలోని నూనె.

'భుక్తాయాసం' అని మనకో మాట ఉంది

తిన్నాక వచ్చే ఆయాసానికి ఏకంగా ఓ పేరు పెట్టుకుని, దాన్ని సంతృప్తి గుర్తుగా చెప్పుకునే జాతి మనది. జపాన్‌లోని ఒకినావా పెద్దలు కడుపు ఎనభై పాళ్లు నిండగానే లేస్తారు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఇంకా ఖచ్చితంగా చెప్పాడు: కడుపులో రెండు భాగాలు తిండికి, ఒకటి నీళ్లకి, నాలుగోది ఖాళీగా గాలికి. అంటే మనవాళ్లకి తెలియక కాదు. కొసరి కొసరి వడ్డించే చేతిని ఆపడం రాక. ఒకినావా కథకీ చివర మలుపుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా స్థావరాలతోపాటు అక్కడికి బర్గర్లూ వచ్చాయి. 2000 సంవత్సరానికి ఆయుర్దాయంలో ఒకినావా మగవాళ్లు జపాన్ ప్రాంతాల్లో 26వ స్థానానికి పడిపోయారు.

కడుపు కన్నా మెదడే లెక్కపెడుతుంది

1998లో పాల్ రోజిన్ అనే పరిశోధకుడి బృందం, నిమిషం క్రితం జరిగింది కూడా మర్చిపోయే ఇద్దరు రోగులకు మధ్యాహ్న భోజనం పెట్టింది. కాసేపాగి మళ్లీ పళ్లెం తెస్తే వాళ్లు మళ్లీ తిన్నారు. మూడోసారి తెచ్చినా చాలాసార్లు మొదలుపెట్టారు. తిన్నానన్న జ్ఞాపకం కూడా ఆకలిని ఆపేవాటిలో ఒకటి. సీరియల్ చూస్తూ తిన్న గిన్నెడు ఉప్మా ఎందుకు గుర్తుండదో, ఎనిమిదింటికి మళ్లీ ఎందుకు ఆకలేస్తుందో ఇప్పుడు అర్థమైందా?

నిద్రపోయినా తగ్గుతుంది

రాత్రి ఆరున్నర గంటలకన్నా తక్కువ నిద్రపోయే 80 మందిని షికాగోలో మరో గంటకు పైగా పడుకునేలా చేశారు. తిండి గురించి ఒక్క సలహా ఇవ్వలేదు. రోజుకు 270 క్యాలరీల దాకా తక్కువ తిన్నారు. ఫలితాలు వచ్చింది 2022లో.

సంక్రాంతి అరిసెలు ఉగాదికీ ఉంటాయి

డబ్బాలో కాదు, నడుము దగ్గర. అమెరికాలో 195 మందిని ఏడాది పొడవునా తూచి చూస్తే పండగల సీజన్లో పెరిగింది సగటున అర కిలోలోపే. తర్వాత వేసవి దాకా అది తగ్గలేదు. ఇలా పదేళ్లు కూడితే ఎంతో మీరే చూసుకోండి. మనకింకో ప్రత్యేకత శనివారం ఒక్కపొద్దు: రాత్రికి అన్నం మానేసి 'ఫలహారం' చేస్తాం, అంటే నాలుగు దోసెలూ కొబ్బరి పచ్చడీ. పేరులో ఉన్న ఫలం పళ్లెంలో కనిపించదు.

58 తగ్గి, 41 పెరిగారు

అమెరికాలో బరువు తగ్గే పోటీని టీవీలో చూపించేవారు. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు తిరిగి తెచ్చుకున్నారు. వాళ్ల శరీరాలు ఆరేళ్ల తర్వాత కూడా, ఆ ఒంటికి ఉండాల్సినదానికంటే రోజుకు 500 క్యాలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. మరోవైపు, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్ల జాబితా అక్కడ 1994లో మొదలైంది. వాళ్లు చేసేవి వింటే నిరుత్సాహమొస్తుంది, అంత సాదాసీదావి: 78 శాతం మంది రోజూ ఉదయం ఏదో ఒకటి తింటారు, 75 శాతం మంది వారానికోసారైనా బరువు చూసుకుంటారు, 90 శాతం మంది రోజుకు గంట దాకా నడకో, మరో వ్యాయామమో చేస్తారు.

21 రోజులు కాదు, 66

అలవాటుకు 21 రోజులు చాలన్న మాట మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960 నాటి పుస్తకం నుంచి పాకింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు 96 మందిని గమనించి చూస్తే సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18, ఇంకొకరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా ఆ పరిశీలనలో తేలింది. కాబట్టి ఆదివారం బిర్యానీ తిన్నానని సోమవారం చారుగిన్నె అటకెక్కించకండి. మా ఇంట్లో ఇది 71వ రోజు. నిన్న మధ్యాహ్నం అత్తయ్యగారు తనంతట తానే తన గిన్నె కూడా తెచ్చి పెట్టుకున్నారు.